బొమ్మలోని పడవకు దువా

నేను బడి మానలేదు, ఏడో తరగతిలో బడే నన్ను మానేసింది. అలాంటి నన్ను, అల్ వక్రాలో నేను కారు నడిపే ఇంటి పెద్దాయన, నూటయాభై ఏళ్లనాటి యూరప్ చిత్రాలు చూడటానికి దోహాలో మ్యూజియం లోపలికి తోడు తీసుకెళ్లాడు.

ఒక బొమ్మ ముందు ఇద్దరం ఆగిపోయాం. జలకన్యలు పడవను లాగుతున్నారు, పైన కొండంత అల విరుచుకుపడుతోంది. రంగులతో నీళ్లకు అంత తడి ఎలా తెచ్చాడో ఆ మహానుభావుడు, నా చొక్కా తడుముకున్నాను. పెద్దాయన అరచేతులు చాచి, బొమ్మలోని పడవవాళ్ల కోసం దువా చేశాడు. పెద్దాయన వాళ్ల నాన్న ముత్యాల వేటకు వెళ్లి తిరిగి రాలేదట.

ఆయన్ని ఊరడించాలని, మా ఇద్దరికీ వచ్చిన హిందీలో అందుకున్నాను. “బాబా, వీళ్లు బయటపడ్డరు. ఒడ్డుకు రాకుంటే ఈ బొమ్మ ఎవరు గీసిండ్రు?”

ఆయన నవ్వాడు. కారెక్కాక అన్నాడు: “యల్లా, బండి తియ్. ఒడ్డుకొచ్చినవాడు కూర్చుని బొమ్మ గీస్తాడా? మా నాన్నలాగ మళ్లీ పడవెక్కుతాడు.”