సర్కారుకు నలభై మార్కులు

ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. చేతికి ఏ కాగితం దొరికినా ముందు ఎర్ర పెన్ను వెతుక్కుంటాను. ఇది బాగా తెలిసిన నా పాత విద్యార్థిని ఒకామె ఇప్పుడు ప్రభుత్వ కమిటీలో పనిచేస్తోంది. మత్తుమందుల వాడకాన్ని అరికట్టడానికి తయారు చేసిన జాతీయ వ్యూహం ముసాయిదాను నాకు పంపింది. "మామూలు జనానికి పనికొస్తుందో లేదో చూసి చెప్పండి టీచర్" అంది. తొంభై పేజీలు!

మచ్చ బొల్లారంలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని చదువుతుంటే, రావల్కోల్ నుంచి ఆకుకూరలు తెచ్చే ఆవిడ గంప దించింది.

"ఏంది టీచరమ్మా, గంత మోపు చదువుతున్నవ్?"

"మత్తు మాన్పించడానికి సర్కారు ఏం చెయ్యబోతోందో రాశారు."

"అయితే కల్లుల కలిపే మందు గురించి రాసిండ్రా?"

వెతికాను. గంజాయికి పేజీలకు పేజీలు, మత్తు సూదులకు ఒక అధ్యాయం. నిద్రమాత్రల పొడి కలిపిన కల్తీ కల్లుకు ఒకే ఒక్క వాక్యం.

"ఒక్క ముక్కనేనా? మా ఇంటాయనకు పాణం మీదికొచ్చింది దాంతోనే!" అంటూ కొంగు బిగించి నా పక్కనే కూర్చుంది.

ఆమె భర్త తాపీ పనికి పోతాడు. ఆ కల్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి పడిపోయాడట. సర్కారు దవాఖానాలో వారం వారం గోలీలిచ్చి మెల్లమెల్లగా మాన్పిస్తున్నారు. గుణం కనబడుతోంది. చిక్కల్లా ఒకటే, గోలీలిచ్చేది సోమవారం పొద్దున పది నుంచి పన్నెండు దాకానే.

"ఇంకొక్క సోమారం నాగా పెడితే పనిలకెల్లి తీసేస్తనన్నడు మేస్త్రి. ఈయనేమో గోలీలే బంద్ జేస్తనంటుండు. బంద్ జేస్తే మల్ల కల్లు దుకాణమే గద టీచరమ్మా!"

నాకు ఒళ్లు మండిపోయింది. ముసాయిదాలో "చికిత్స అందరికీ అందుబాటులో ఉంటుంది" అని ఉన్నచోట "ఎన్ని గంటలకు?" అని ఎర్రగా రాశాను. ఆమె చెప్పిందంతా పక్కనే ఎక్కించాను. అయినా చెయ్యి ఊరుకోలేదు. చివరి పేజీలో "నూటికి నలభై. భాష బాగుంది. ప్రశ్న చదవకుండా జవాబు రాశారు. కూలికి పోయేవాళ్లను అడిగి మళ్లీ రాయవలెను" అని రాసి, మార్కుల చుట్టూ గుండ్రంగా గీత కూడా గీశాను. ఆ ఊపులోనే ఫొటోలు తీసి పంపేశాను.

మా వారు చూసి నవ్వలేక చచ్చారు. "ఏమేవ్, సర్కారుకే మార్కులా! రేపు వాళ్ల నాన్నగార్ని వెంటబెట్టుకు రమ్మంటావా ఏంటి?" అప్పుడు గానీ నేను చేసిన పని నాకు తెలిసిరాలేదు. మూడు రోజులు ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడ్డాను.

నాలుగో రోజు నా విద్యార్థినే ఫోన్ చేసింది. "టీచర్, మీ పేపరు మీటింగులో అందరి చేతుల్లో తిరిగింది. మా పెద్దాఫీసరు, 'నాకు బళ్లో కూడా ఇంత తక్కువ రాలేదండీ' అని ఒకటే నవ్వు!" ఆ నవ్వుల మధ్యే, మీటింగుకొచ్చిన మా వైపు దవాఖానా డాక్టరు లేచి, సోమవారాలు సాయంత్రం కూడా తెరుస్తానన్నాడట. జాతీయ వ్యూహం ఎప్పటికి తేలుతుందో ఆ దేవుడికే తెలియాలి. మా సోమవారం మాత్రం తేలిపోయింది. ఎంత సంతోషమేసిందంటే, ఏ పండగా లేకుండా పాయసం వండాను.

మొన్న ఆదివారం గంప వెనకాలే ఆమె భర్త కూడా వచ్చాడు, దవాఖానా కార్డు పట్టుకుని. పన్నెండు వారాలకు పన్నెండు సంతకాలు. హాజరు పట్టీ చూసినట్టు ఒక్కొక్కదాని మీదా వేలుపెట్టి చూశాను.

"ఒక్క నాగా లేదు టీచరమ్మా" అన్నాడు.

"ఇగ మార్కులెయ్యి మరి!" అని భార్య నన్ను ఎగదోసింది.

"మార్కులొద్దు" అన్నాడు అతను. "నీ సంతకం పెట్టు. మా బిడ్డ బడికి పోనని మారాం జేస్తది. నాయిన ఒక్క వారం గూడ నాగా పెట్టలేదని జూపిస్త."

ఎర్ర పెన్ను తీశాను. కార్డు పట్టుకున్న అతని చేతులు వణకలేదు. వణికింది నా చెయ్యే. కోడి కెలికినట్టు వచ్చిన నా సంతకం చూసి ముగ్గురం పగలబడి నవ్వాం.