బోర్డు బలం చూసే గది

తాండూరు బయట చెక్క పొట్టుతో బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో నాది బోర్డుల బలం చూసే పని. వికారాబాద్‌లో ఒక్కదాన్నే గది అద్దెకు తీసుకుని రోజూ పొద్దున్నే రైలెక్కేదాన్ని. ఫ్యాక్టరీలోనూ నా గది వేరే. ప్రతి లాటు నుంచి ఒక పట్టీ కోసి, రెండు ఇనుప కడ్డీల మీద ఆనించి, మధ్యలో మిషన్‌తో నొక్కేదాన్ని. పట్టీ మెల్లగా వంగి, ఫట్‌మని విరిగేది. ఎంత బరువుకు విరిగిందో రాసుకుని ఇంకోటి పెట్టేదాన్ని. కొన్ని రోజులు సాయంత్రం దాకా ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినేదాన్ని కాదు.

పొట్టును అదిమి బోర్డుగా చేసే ప్రెస్సు మీద పనిచేసే చాచా ఒక్కరే నా గదికి వచ్చేవారు. బంట్వారం వైపు మనిషి. తన షిఫ్టు బోర్డు ఎలా నిలిచిందో అడిగే నెపంతో వచ్చి, ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి ఇచ్చేవారు. నేను తిన్నానో లేదో అడిగేది ఆయనే.

ఒక వానాకాలం ఆయన షిఫ్టు పట్టీలు వరసగా తక్కువ బరువుకే విరిగాయి. మూడుసార్లు చూశాను. తప్పు మిషన్‌దేమోనని పాత లాటు పట్టీ పెట్టాను, అది బాగానే నిలిచింది. ఉన్నదున్నట్టు రాసిచ్చాను. లాటు మొత్తం పక్కన పెట్టేశారు. మేనేజరు చాచాను అందరి ముందూ నిలబెట్టి అడిగాడని తర్వాత తెలిసింది. తీరా చూస్తే పొట్టు ఆరబెట్టే డ్రయ్యరు సరిగ్గా పనిచేయక తడి మిగిలిపోయిందట. దాన్ని బాగుచేశాక బోర్డులు మళ్లీ గట్టిగా వచ్చాయి. చాచా మాత్రం రాలేదు.

వారం చూసి నేనే ప్రెస్సు దగ్గరికి వెళ్లి, నా మీద కోపమా అని అడిగాను. ఆయన చేతులు తుడుచుకున్నారు.

“నువ్వు రాసింది సహీనే బిడ్డా. కోపం గీపం ఏం లేదు,” అన్నారు. “రాసే ముందు జర నాకొక మాట చెప్తవనుకున్న. గంతే.”

నాకు ఆ ఆలోచనే రాలేదు. పట్టీని మూడుసార్లు చూసినదాన్ని, గోడ అవతలున్న మనిషి దగ్గరికి నడవలేదు. మాట్లాడకుండా బతకడం నాకంతగా అలవాటైపోయింది. తప్పయిందన్నాను. ఆయన తలూపారు.

తర్వాత రెండు మూడుసార్లు వచ్చారు గానీ కూర్చోలేదు. ఆయన మోకాళ్ల నొప్పితో పని మానేసి ఊరికి వెళ్లిన రోజు నేను సెలవులో ఉన్నాను.

ఇప్పుడు పట్టీ తేడా వస్తే ముందు ప్రెస్సు దగ్గరికి నడిచి వెళ్లి చెప్తాను. అక్కడున్న కొత్తతను సరే మేడమ్ అని పనిలో పడిపోతాడు. సాయంత్రం, సరిహద్దు అవతలి నుంచి వచ్చే రైల్లో ధారూర్ స్టేషన్ దాటే దాకా పక్క సీటువాళ్ల కన్నడం వింటూ కూర్చుంటాను. సగం అర్థమవుతుంది.