అంబాసిడర్ వెనక సీటు

మా బావ పోయాడు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున గౌలిపురలో, గల్లీ మొదట్లో నిలిపే తన అంబాసిడర్‌ను తుడుస్తూ తుడుస్తూ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. ఆస్పత్రికి చేర్చేలోగానే అయిపోయింది. కబురు తెలిసి మా ఆయన ఫియట్ తీశాడు. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. అక్క మొగుడు పోయాడన్న బాధ ఒకటైతే, ఇక నాతో సమానంగా పోట్లాడే మనిషి లేడన్న దిగులు ఇంకొకటి.

మా పోట్లాటంతా కార్ల మీదే. రెండూ పాతవే కొన్నాం. అయినా మా ఫియట్‌ను చూసుకుని నాకు భలే మిడిసిపాటు. తేలిగ్గా తిరిగే స్టీరింగు, తక్కువ పెట్రోలు. చార్మినార్ దగ్గర రిక్షాల మధ్య నుంచి ఇట్టే దూరిపోయేది. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాల బండ్లు అడ్డం పడితే బావ కారు అక్కడే ఆగేది, మేం ముందుకెళ్లి చెయ్యి ఊపేవాళ్లం.

"బావా, గా ఏనుగును అమ్మరాదు?" అనేదాన్ని.

"నవ్వు మర్దలా, నవ్వు. మీ డబ్బాల నలుగురెక్కితె ఊపిరి పీల్చనీకి జాగుండది. మా దాంట్ల పెండ్లోళ్లంత వడతరు," అనేవాడు.

అలాంటి రోజుల్లో అక్క డాబా మెట్ల మీంచి జారిపడింది. నడుము దెబ్బతింది. పడుకోగలదు గానీ కూర్చోలేదు. సాయంత్రమైతే ఇంట్లో నిలవని మనిషి, గోడ చూస్తూ ఉండిపోయింది. "చెల్లే, ఒక్కపారన్న నయాపూల్ మీద గాలి పీల్చాలనుందే," అని నా చెయ్యి పట్టుకుంది.

ఫియట్ అయితే గల్లీలో గుమ్మం దాకా వస్తుంది. అంబాసిడర్ రాదు. కారు మార్చమని అందరూ అన్నారు, నేనైతే మరీను. బావ మా ఫియట్ వెనక సీట్లో ఎక్కి పడుకున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మా అక్కా పొడగరే.

"తమ్మీ, బండి మస్తున్నది. ఉరుకుతది, అల్కగ తిరుగుతది," అన్నాడు మా ఆయనతో. "గని మీ వదినె కాళ్లు సాపుకోవాలె గద." ఆపైన నావైపు తిరిగి, "బండి ఎంత ఉరుకుతదని గాదు మర్దలా, లోపట మనిషి ఎట్లున్నదో జూడాలె," అన్నాడు.

ఆ రోజు నుంచి సాయంత్రమైతే అక్కను రెండు చేతుల మీద ఎత్తుకుని గల్లీ మొదటి దాకా నడిచేవాడు. అరుగుల మీది ఆడవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. అక్క సిగ్గుతో కొంగు కప్పుకునేది. "ఏంది చూస్తున్రు, నా పెండ్లామే గద!" అనేవాడు నవ్వుతూ. అక్క నడుము కదలకూడదని గతుకుల్లో కారును మనిషి నడకంత నెమ్మదిగా పోనిచ్చేవాడు.

"భాయ్, బారాత్ హై క్యా?" అని, ఇదేమన్నా పెళ్లి ఊరేగింపా అన్నట్టు, వెనక రిక్షావాళ్లు అరిచేవాళ్లు.

"హౌ భాయ్, బారాతే హై!" అనేవాడు బావ.

ఎంత గుర్తొస్తున్నాడో చెప్పలేను. బావా, ఇంకొక్కసారి మా ఫియట్‌ను డబ్బా అను, కిక్కురుమంటే ఒట్టు.

కర్మలన్నీ అయ్యాక, బయటికెళ్దామని అక్కే అడిగింది. మా ఆయన, పక్కింటాయన కలిసి మడత మంచం మీద మోసుకెళ్లి అంబాసిడర్ వెనక సీట్లో పడుకోబెట్టారు. నేను ముందు కూర్చున్నాను. మా ఆయన స్టీరింగ్ పట్టుకుని, పైనున్న అద్దం సరిచేయబోయి ఆగిపోయాడు. అందులో వెనక రోడ్డు లేదు. అద్దం బాగా కిందికి వంచి ఉంది. దిండు మీద అక్క ముఖం ఒక్కటే కనిపిస్తోంది.

"గట్లనే వెట్టి నడిపేటోడు," అంది అక్క. "నాకు ఈడికెళ్లి ఆయన కండ్లు గనవడేటియి."

మా ఆయన చెయ్యి అద్దం మీదే ఉండిపోయింది.

"నీకు తొవ్వ గనవడాలె గద మరిదీ. తిప్పుకో," అంది.

తిప్పాడు. అద్దంలోకి రోడ్డు వచ్చింది. అక్క చూపు మాత్రం అద్దం మీదే ఉంది.