ఒప్పుకోని అత్తయ్య, మండుటెండలో హైడ్రాంజియా

మా మేనత్తకు దేనికీ ఒప్పుకునే అలవాటు లేదు. వాన పడుతోందంటే “ఒప్పుకోను” అని గొడుగు లేకుండా వెళ్లి, తడిసి ముద్దయి వచ్చి, “అది వాన కాదు, తుంపర” అనేది. “ఆవిడ జన్మలో ఒప్పుకున్నది నన్నొక్కణ్ణే. అదీ వాళ్ల నాన్న వద్దన్నాడు కాబట్టి” అనేవాడు మామయ్య.

అలాంటి మనిషి ఒకనాడు నర్సరీకి వెళ్లి, పెద్ద పెద్ద గుత్తులుగా పూసే హైడ్రాంజియా మొక్క కొంది.

“దీనికి పొద్దుటి ఎండ చాలమ్మా. మధ్యాహ్నం నీడ ఉండాలి” అన్నాడు నర్సరీ ఆయన.

“ఒప్పుకోను.”

“మీ మట్టిలో గులాబీ రంగే పూస్తుంది.”

“అస్సలు ఒప్పుకోను. నీలం పూయాలి.”

ఇంటి వెనక చల్లటి నీడ ఉండగా, తెచ్చి గేటు పక్కన, నిప్పులు చెరిగే ఎండలో, పక్కింటి టైలరమ్మ కిటికీకి ఎదురుగా నాటింది. పటిక పడితే పువ్వు నీలమవుతుందని మొదట్లో పటిక కలిపిన నీళ్లు పోసింది. ఎలాగో పూసిన గుత్తులు సగం గులాబీ, సగం ఊదా. “నీలం బయల్దేరింది, దారిలో ఉంది” అంది అత్తయ్య.

మిట్టమధ్యాహ్నానికల్లా ఆకులు తడిగుడ్డల్లా వేలాడేవి. అప్పటికే టైలరమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. నడవమని డాక్టరు మొత్తుకున్నా మంచం దిగేది కాదు. కిటికీలోంచి మాత్రం అరిచేది.

“వదినా! మొక్క చచ్చిపోతోంది, నీళ్లు పొయ్యి!”

“నాకు నడుం పట్టేసింది!” అని బదులిచ్చేది అత్తయ్య, స్టూలెక్కి అటక మీది బిందెలు దించుతూ.

చివరికొకరోజు టైలరమ్మ వాకర్ పట్టుకుని, వీధంతా వినబడేలా తిట్టుకుంటూ గుమ్మం దాటింది. “పెంచడం చేతకానిదానివి కొనడం దేనికి వదినా!” అంటూ చెంబుతో నీళ్లు పోసింది. ఇక రోజూ అదే తిట్టు, అదే చెంబు.

మొక్క గుబురై దారిలోకి తోసుకొచ్చింది. కాలనీ ప్రెసిడెంటు తోటమాలిని వెంటబెట్టుకుని వచ్చాడు. “తీయించెయ్యాలండీ.”

“ఒప్పుకోను.”

“పోనీ వెనక్కి మార్పించండి. మొక్కకూ మంచిదే.”

“చచ్చినా ఒప్పుకోను!” అత్తయ్య కుర్చీ వేసుకుని మొక్కకు అడ్డంగా కూర్చుంది. తోటమాలి ఎండకు తాళలేక మంచినీళ్లడిగి తాగి వెళ్లిపోయాడు. “రేపొస్తా” అన్నాడు ప్రెసిడెంటు.

నేను ఉండబట్టలేక అడిగాను: “నీడలో పెడితే దానికీ సుఖమే కదత్తయ్యా?”

అత్తయ్య పక్కింటి కిటికీ వైపు చూసి గొంతు తగ్గించింది.

“నీడలో పెడితే దానికి దాహం వెయ్యదురా. దానికి దాహం వెయ్యకపోతే ఆవిడ లెయ్యదు.”

మర్నాడు ప్రెసిడెంటు వచ్చేసరికి మొక్క ముందు టైలరమ్మ నిలబడి ఉంది, చేతిలో గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెరతో. దారిలోకి వచ్చిన కొమ్మలన్నీ చీర అంచులా తిన్నగా కత్తిరించేసింది. “కొలుచుకోండి” అని మెడలోని టేపు తీసి ఆయన మీదికి విసిరింది. ఆయన కొలవకుండానే వెనుదిరిగాడు. ఆవిడ వీధి మలుపు దాకా ఆయన వెంటపడి మరీ తిట్టింది.

అత్తయ్య నా చెయ్యి గిల్లింది. “వాకర్ లోపలే మర్చిపోయి వచ్చింది. చెప్పకు.”