నాలుగు గోలేలు, ఒక స్విమ్మింగ్ పూలు

డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో మనిషికి ఒక రకమైన ధైర్యం ఉంటుంది. అది తెలివి వల్ల వచ్చింది కాదు. ఇంకా ఎవరూ నమ్మి ఏ పనీ అప్పజెప్పకపోవడం వల్ల వచ్చింది. ఆ రోజుల్లో నాకది బాగానే ఉండేది. సివిల్ ఇంజనీరింగులో డిప్లొమా పాసై, అనకాపల్లిలో మా మావయ్య దగ్గర పనికి కుదిరి మూడు నెలలైంది. మావయ్య కాంట్రాక్టరు. ఇళ్ళు, ప్రహరీగోడలు, నీళ్ళ ట్యాంకులు కట్టేవాడు. (తను కట్టిన ట్యాంకు ఒక్కటీ కారలేదని ఆయనే అందరికీ చెప్పేవాడు. కట్టించుకున్నవాళ్ళని నేనెప్పుడూ అడగలేదు.) నేను ఇసకలో, కంకరలో తిరగడం మా నాన్నకి ఇష్టం లేదు. బ్యాంకు పరీక్షల కోచింగుకి విశాఖపట్నం పంపిస్తానని రోజూ అనేవాడు. చివరికి మావయ్యే మధ్యలో పడి, "దీనికి ఒక పని పూర్తిగా అప్పసెప్తాను బావా. బాగా సేత్తే సైట్లో ఉంటాది. లేపోతే నువ్వే తీసుకుపోయి కోచింగులో కూకోబెట్టు" అన్నాడు. నాన్న సరేనన్నాడు. ఆ ఒక్క పనీ స్విమ్మింగ్ పూలై కూర్చుంటుందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

ఊరు దాటి కె. కోటపాడు వైపు వెళ్ళే దారిలో, చెరుకు తోటల మధ్య ఒక ఇల్లుండేది. ఇంటాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. అందరూ గార్డుగారనే పిలిచేవారు. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో ఒంటరిగా గడిపిన మనిషి కదా, రిటైరయ్యాక భార్యతో కలిసి నీళ్ళలో ఆడుకోవాలని ఆయనకి ఎందుకో కోరిక పుట్టిందట. పెరట్లో పూలు కట్టించేశారు. ఆ భార్య మా ఊరి టీచరమ్మగారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిపోయారు. ఊళ్ళో సగం మంది మగాళ్ళ చెవులు ఒకప్పుడు ఆవిడ మెలిపెట్టినవే. మా మావయ్య చెవి కూడా ఆ లెక్కలోదే కాబట్టి, యాభై ఏళ్ళొచ్చినా ఆవిడ ముందు చేతులు కట్టుకునే నిలబడేవాడు.

పూలు కట్టి పదేళ్ళు దాటినా టీచరమ్మగారు ఒక్కసారీ అందులో దిగలేదు. గట్టు మీద కూర్చుని పేపరు చదువుకునేవారు. రమ్మంటే ఒకరోజు నీళ్ళు చల్లగా ఉన్నాయనేవారు, ఒకరోజు చర్చికి టైమైందనేవారు. గార్డుగారు ఒక్కరే కొన్నాళ్ళు మునిగి తేలి, ఆయన కూడా మానేశారు. పట్టించుకునేవాళ్ళు లేక లోపలి పూత పెచ్చులూడిపోయి, కాలు పెడితే కొబ్బరికోరాం మీద పెట్టినట్టుండేది. నింపిన నీళ్ళు నాలుగు రోజుల్లో పక్క పొలంలోకి ఇంకిపోయేవి. అలాంటి సమయంలో టీచరమ్మగారి మోకాలికి ఆపరేషనైంది. డాక్టరు నెలలోపు నీళ్ళలో నడవడం మొదలుపెట్టాలని, లేకపోతే మోకాలు బిగుసుకుపోతుందని గట్టిగా చెప్పాడు. గార్డుగారు ఆ సాయంత్రమే మావయ్యకి ఫోన్ చేశారు.

"తొట్టే కదే. కొంచెం పెద్ద తొట్టి" అని మావయ్య నన్ను బండెక్కించుకుని తీసుకెళ్ళాడు. టీచరమ్మగారు కుర్చీలో కాలు చాపుకుని, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఇంతకుముందు పూలు పని చేశావా అమ్మా?"

"చాలా చూశానండి" అన్నాను. (అబద్ధం కాదు. ముందురోజంతా ఫోన్లో అవే వీడియోలు చూశాను. నిక్కర్లు వేసుకున్న మనుషులు నాకు రాని భాషల్లో మాట్లాడుతూ తాపీలు తిప్పేవారు.) మావయ్యకి పొలమారింది. ఆవిడ ఇంకేమీ అడగలేదు గాని, లెక్కల టీచర్లకి 'చేశావా' అంటే 'చూశాను' అన్న జవాబులో తేడా తెలియదనుకోవడం ఆ వయసులోనే సాధ్యం.

మర్నాడే పాత పూత చెక్కించడం మొదలుపెట్టాం. మొదటి ఆటంకం పక్క పొలం నుంచి వచ్చింది. ఆ పొలం రైతుని నేను చెరుకు బాబాయ్ అనేదాన్ని. ఆయన గట్టు మీద నిలబడి, "ఏటమ్మా, దీన్ని బాగుసేసేత్తారా?" అన్నాడు, ఎవరికో ఒంట్లో బాగులేదని తెలిసినంత దిగులుగా.

"అవును బాబాయ్, నీళ్ళు కారిపోతున్నాయి కదా."

"కారితే కారనీ. నా సెరుకు తాగుతంది కదా. ఈ గట్టు పక్క వరసలు సూడు, ఎంతెత్తు లేసేయో."

నిజమే, ఆ పక్క చెరుకు మిగతా చేనుకంటే మూరెడు ఎత్తుంది. ఆయన కష్టం టీచరమ్మగారి దాకా వెళ్తే, ఆవిడ తమ బోరు నుంచి ఒక గొట్టం అటు వేయించమని చెప్పి ఆ గొడవ ఒక్క నిమిషంలో తేల్చేశారు. తేలనిదల్లా లోపలి పూత ఏది వెయ్యాలన్న సంగతి.

పూతల గురించి నా దగ్గర పెద్ద ప్రసంగమే తయారుగా ఉంది. తెల్ల సిమెంటులో పాలరాతి పొడి కలిపి పూసేది ఒకటి, నీలం గాజు పలకలు అతికించేది ఒకటి, ముదురు బూడిద రంగులో సన్న గులకరాళ్ళు పైకి తేలేలా వేసేది ఒకటి. ఏదీ వద్దంటే ఉత్త నీలం పెయింటు. నా మనసు గులకరాళ్ళ మీద ఉంది. ఆ పూత మీద నీళ్ళు సముద్రంలా కనిపిస్తాయని వీడియోలో చెప్పారు. (చెప్పారనే నేననుకున్నాను.) గార్డుగారికి గాజు పలకలు కావాలి, అడుగున ఒక పెద్ద చేప బొమ్మతో సహా. టీచరమ్మగారికి ఏదీ వద్దు. చెక్క మీద అద్ది తెచ్చిన ముక్కల్ని వేలితో తట్టి, "గాజు జారుతుంది" అన్నారు. జారనిది తెస్తే, "రాళ్ళు గుచ్చుకుంటాయి" అన్నారు. గుచ్చుకోనిది తెస్తే, "రంగు నిండుగా లేదు" అన్నారు. నిండైన రంగు తెచ్చిన రోజు, "మరీ నిండుగా ఉంది" అన్నారు. పదిహేను రోజులు గడిచిపోయాయి. పూత ఊడదీసిన పూలు పళ్ళు పీకించుకున్న నోరులా తెరుచుకుని ఉంది. డాక్టరు చెప్పిన గడువు దగ్గరపడుతోంది. ఇంతలో మావయ్య, "కోచింగులో కొత్త బ్యాచి మొదలవుద్దంట. మీ నాన్న ఫోన్ సేసేడు" అన్నాడు. అందులో బెదిరింపేమీ లేదు, జాలే ఉంది. నాకు అదే ఎక్కువ భయమేసింది.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. చేతిలో చూసే రంగు వేరు, నీటి అడుగున చూసే రంగు వేరు. కాబట్టి నీళ్ళు పోసే చూపించాలి. చెరుకు బాబాయ్ పాకలో పశువులకి కుడితి పెట్టే సిమెంటు గోలేలు ఉన్నాయి. బోరు గొట్టం వేయించిన పుణ్యానికి ఆయన నాలుగు గోలేలు ఇచ్చాడు. ఒక్కోదాంట్లో ఒక్కో పూత వేసి, ఆరాక నిండా నీళ్ళు పోసి, పెరట్లో వరసగా పెట్టించాను. శనివారం సాయంత్రం టీచరమ్మగారు చేతికర్ర ఊతంతో వచ్చి, ఒక్కో గోలెం మీదికి వంగి చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నారు. నేను పక్క నుంచి తొంగి చూశాను. మార్కులు వేస్తున్నారు. నా గులకరాళ్ళకి పదికి మూడు.

"సముద్రంలా ఉంటుందండి" అన్నాను.

"సముద్రం అవతలుంది కదమ్మా. మళ్ళీ పెరట్లో ఎందుకు?"

అదే సమయానికి చెరుకు బాబాయ్ ఆవుని ఇంటికి తోలుకుపోతూ అటు వచ్చాడు. ఆవు తన గోలేల్ని గుర్తుపట్టింది. పలుపు లాక్కుని సరాసరి మా మధ్యకి వచ్చేసింది. గార్డుగారు కుర్చీ వెనక్కి చేరారు. ఆవు ముందు నీలం పెయింటు గోలెం దగ్గర ఆగి, వాసన చూసి వదిలేసింది. గాజు పలకల దాంట్లోకి చూసి చెవులు విదిలించింది. నా సముద్రం ముందు మాత్రం కాసేపు నిలబడి, బుస్సుమని ఒక అడుగు వెనక్కి వేసింది. తెల్ల పూత గోలెం దగ్గరికొచ్చాక ఇంకేమీ ఆలోచించకుండా మూతి పెట్టి, సగం గోలెం ఖాళీ చేసేసింది.

"అది అంతేనండి" అన్నాడు బాబాయ్, క్షమాపణ చెబుతున్నట్టు. "దానికి అడుగు కనబడకపోతే మూతెట్టదు. సీకటి నీళ్ళంటే బెదురు."

(అసలు సంగతి వేరే అయ్యుండాలి. తెల్ల పూత అన్నిటికంటే ముందు వేసింది, వారం రోజులు నీళ్ళలో నానింది. మిగతా మూడూ కొత్త జిగురు వాసన కొడుతున్నాయి. ఆ ముక్క నేనప్పుడు బయటపెట్టలేదు.)

టీచరమ్మగారు పుస్తకం మూసేశారు. ఆవునే చూస్తూ, "నాకూ అంతే" అన్నారు.

గార్డుగారు కుర్చీ వెనక నుంచి బయటికొచ్చారు. "ఏంటి, నీకూ అంతే?"

"అడుగు కనిపించని నీళ్ళంటే నాకు భయం. చిన్నప్పట్నుంచీ. మీరు అంత ముచ్చటపడి కట్టించారు. ఇంతమందికి పాఠాలు చెప్పినదాన్ని, నీళ్ళకి భయమని ఏ నోటితో చెప్పను?"

పదేళ్ళ చల్లటి నీళ్ళు, చర్చి టైములు, పేపర్లు అన్నీ ఆయన ముఖంలో ఒక్కొక్కటిగా వెనక్కి తిరిగి రావడం నేను చూశాను. కోపం వస్తుందనుకున్నాను. ఆయన మాత్రం నావైపు తిరిగి, "తెల్లదే వేసెయ్యమ్మా. చేప వద్దులే" అన్నారు. ఆ చేపని వదులుకోవడం ఆయనకి ఎంత కష్టమో ఆ గొంతులో తెలిసింది.

తెల్ల పూత పని ఒక్కరోజులో, మధ్యలో ఆగకుండా పూర్తవ్వాలి. మేస్త్రీలు బాగానే లాగించారు. సాయంత్రం ఒక మూల మిగిలింది. నా పని అన్నాక నా చెయ్యి కూడా పడాలి కదా అని, మేస్త్రీ చేతిలోని తాపీ అడిగి తీసుకుని ఆ మూల నేనే పూశాను. ఎంత నునుపు చేసినా అడుగున అరచెయ్యంత మేర చిన్న ఎత్తు ఒకటి మిగిలిపోయింది. సరిచేద్దామంటే అప్పటికే బిగుసుకుపోయింది. మావయ్య చూసి, "నీళ్ళు పోసేత్తే కనబడదులే" అని ఊరుకున్నాడు. (తెల్ల పూతలో అన్నీ కనిపిస్తాయనే కదా వేస్తున్నామన్న సంగతి ఇద్దరం పైకి అనలేదు.)

గడువుకి రెండు రోజుల ముందు నీళ్ళు నింపాం. టీచరమ్మగారు చుడీదార్ వేసుకుని, చేతికర్ర గట్టు మీద పెట్టి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. కిందకి చూశారు. తన పాదం వేళ్ళన్నీ కనిపిస్తున్నాయి. రెండో మెట్టు, మూడో మెట్టు. నడుము లోతు దాకా దిగి, ఇవతలి గోడ నుంచి అవతలి గోడకి నడిచారు. గార్డుగారు ఒడ్డున ఆవిడతో సమానంగా, తువ్వాలు పట్టుకుని, రైలుకి పచ్చజెండా చూపిస్తున్నంత శ్రద్ధగా నడిచారు. అవతల చేరాక ఆవిడ వెనక్కి తిరిగి, "మీరు దిగరేం?" అన్నారు. ఆయన చొక్కా కూడా విప్పకుండా దిగిపోయారు. నాన్న ఆ తర్వాత కోచింగు మాటెత్తలేదు.

ఈ మధ్య ఆ దారిలో వెళ్తూ వాళ్ళింటికి వెళ్ళాను. ఇప్పుడు నేనూ కాంట్రాక్టరునే, మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని కారు నేనే నడుపుతున్నాను. ఆ వేళకి ఇద్దరూ నీళ్ళలోనే ఉన్నారు. టీచరమ్మగారు నన్ను చూడగానే మూలకి నడిచి, అక్కడ కాలు ఆన్చుకుని నిలబడ్డారు.

"ఇక్కడ కాలు ఆన్చుకోవడానికి చిన్న ఎత్తు పెట్టావు చూడు, అదే నాకు పెద్ద ఊతం అమ్మాయ్. మోకాలు నొప్పెట్టినప్పుడల్లా ఇక్కడే నిలబడతాను. అంత చిన్నతనంలో నీకా ఆలోచన ఎలా వచ్చిందో."

మావయ్య ఆకాశం వైపు చూశాడు. నాకు ఇప్పుడు చాలా విషయాలు తెలియవని తెలుసు. తెలియదని చెప్పడం కూడా వచ్చింది, రోజుకి నాలుగుసార్లైనా చెబుతాను. కానీ ఆ నిమిషంలో తాపీ పట్టుకున్న ఆ పిల్లే నా నోట్లోంచి మాట్లాడింది. నేను దాన్ని ఆపలేదు.

"మీ మోకాలు గురించి ఆలోచించే పెట్టానండి" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు లేని కళ్ళతో నన్ను కాసేపు చూసి, "పదికి తొమ్మిది" అని, మళ్ళీ నడకలో పడ్డారు.