మలయా తాత సాక్ష్యం

మా వాకాడు వైపు ఏసయ్య గుడిలో ఫోటో ఎక్కాలంటే చచ్చిపోయైనా ఉండాలి, పదవైనా చేసి ఉండాలి. మా ముత్తాతకు రెండూ ఉన్నాయి. తెల్లదొరల కాలంలో రబ్బరు తోటల్లో కూలికని మలయాకు ఓడెక్కినాడు. అక్కడ కూలీలకు నాయకుడై, ఎన్నికల్లో గెలిచి, శాసనసభలో కూర్చున్నాడు. పోయిన ఏడు అక్కడి మనవలు కోటు వేసుకున్న ఆయన ఫోటోను సంఘానికి పంపారు. అంతే, ఇన్నేళ్లూ ఆయన ఊసెత్తని సంఘ పెద్దలకు ఆయన దైవజనుడని తెలిసిపోయింది. ఫోటో మీది తెర తీయడానికి ఎమ్మెల్యే గారిని పిలిచారు.

ముత్తాత తరఫున సాక్ష్యం రాసి చదివే పని నా మీద పడింది. మా సంఘంలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. ముందు పాత జీవితం ఒప్పుకోవాలి, తర్వాతే దేవుడు చేసిన మేలు చెప్పాలి.

ముత్తాత పాత జీవితం మా ఇంట్లోనే ఉంది. ఆయన ఓడెక్కేనాటికి కడుపులో ఉన్న బిడ్డే, ఇప్పుడు తొంభై దాటిన మా అవ్వ. ఆయన తిరిగి రాలేదు, అక్కడే వేరే పెళ్లి చేసుకున్నాడు. తండ్రి ఎవరోనని ఊరు ఆడిపోసుకున్న మాటలు అవ్వకు ఇంకా గుర్తే.

“ఒక్కసారి గుడిలో అందరి ముందర ఆయన కూతురినని చదువు అబ్బయ్యా, చాలు,” అనింది.

అవ్వ సంగతి నేను రాసిన పేరాను సంఘ పెద్ద పెన్నుతో కొట్టేశాడు.

“ఎమ్మెల్యే గారు వచ్చే రోజు ఇవన్నీ ఎందుకు తమ్ముడూ?”

“పోయిన నెల సాక్ష్యంలో ఆ పడవ నడిపే ఆయన చేత తన తాగుడు సంగతి గంటసేపు చెప్పించారే అన్నా?”

“వాడు ఎలక్షన్లో గెలవలేదు కదా!” అన్నాడు, నవ్వకుండా.

ప్రార్థన చేసుకున్నాను. బైబిలు లేఖనం రాజుల పాపాలనే దాచలేదు. ఆదివారం, కొట్టేసిన పేరాతోనే మొదలుపెట్టాను.

“ఈయన మా అవ్వకు తండ్రి. కడుపులో ఉండగానే ఆమెను వదిలి వెళ్లినాడు.”

మా గుడిలో సాక్ష్యంలోని ప్రతి మాటకూ “స్తోత్రం” అంటారు. ఈ మాటకు ఎవరూ అనలేదు. ఎమ్మెల్యే గారు ఫోన్ చూసుకున్నారు.

ఆడవాళ్ల వైపు చాప మీద నుంచి అవ్వ ఒక్కతే గట్టిగా అనింది, “స్తోత్రం!”

ఆ వెనకే ఆడవాళ్లందరూ అందుకున్నారు. ఓట్లు ఎటున్నాయో చూసుకుని ఎమ్మెల్యే గారూ చేతులెత్తారు. తెర తీయమని అవ్వను ఆయనే పిలిచారు.

తెర లాగి, తండ్రిని మొదటిసారి చూసింది అవ్వ.

“కోటు ఎవరిదో గానీ, ముక్కు నాదే,” అని అందరికీ వినపడేట్టు చెప్పి, వెళ్లి తన చాప మీద కూర్చుంది.