వెనక్కి వాలిన జూకాలు

పటాలు కట్టే ముసలాయన చట్రం వెనక మేకులు పట్టకారుతో ఒక్కొక్కటే పీకి, పాత బొమ్మని వెలుతురుకి తిప్పాడు. బొమ్మ కింద సంతకం ఎవడైనా పెట్టేయగలడని ఆయన నమ్మకం. అందుకే ముందు బొమ్మలోని నగలు చూస్తాడు.

“మా అమ్మ. ఎప్పుడు గీయించుకుందో చెప్పగలవా బాబాయ్?” అంది బొమ్మ తెచ్చినావిడ. “అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. ఆ రోజుల్లోనే ఒకాయన నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, రెప్ప వాల్చకు అంటూ ఏదో గీసుకున్నాడు. నా బొమ్మ మాత్రం ఇంట్లో ఎక్కడా దొరకలేదు.”

బొమ్మలో జూకాలు కిందికి వేలాడటం లేదు, మెడ వెనక్కి వాలి ఉన్నాయి. ముసలాయన పట్టకారు పక్కన పెట్టాడు.

“ఇది అమ్మ కూర్చుని గీయించుకున్నది కాదు తల్లీ. పడుకోబెట్టి ఉండగా తీసిన ఫోటో చూసి వేశారు.”

“నిద్రలోనా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ బొమ్మ మీదికి వంగి, “మరి కళ్లు తెరిచే ఉన్నాయిగా. నావి అచ్చం అమ్మ కళ్లేనంటారు అందరూ,” అంది.

“మూసిన కళ్లు తెరిపించాలంటే ఇంట్లో ఎవరివో చూసి వేయాలమ్మా. నిన్ను కూర్చోబెట్టింది అందుకే.”

ఆయన కొత్త చట్రం బిగించి, అంచులు గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఆవిడ అమ్మ ముఖాన్ని తన వైపు తిప్పుకుని, రెండు చేతులా అందుకుంది.